ఖాసింబీ చేసిన ఓళిగలు

ఉగాది సాయంత్రం రెండు పెరళ్ళ మధ్య గోడ కంతలో పక్కింటి ఖాసింబీ పెట్టిన పళ్ళేన్ని రాజ్యలక్ష్మి రెండు చేతులతో అందుకుని, "చూస్తేనే నోరూరుతోంది" అని చెప్పిన చోట మనం ఆగాం. పళ్ళెం మీది గుడ్డ తీయకుండానే వారం గడిచిపోయింది. ఇక తీద్దాం.

ఓళిగలు, అంటే బొబ్బట్లు. అరచేయంత వెడల్పున, నెయ్యి పట్టించి దోరగా కాల్చి, ఒకదాని మీద ఒకటి పేర్చినవి. రాజ్యలక్ష్మి గోడ ఇవతల నిలబడి చెప్పిన పద్ధతిలోనే చేసింది ఖాసింబీ. ఒక్కటి మాత్రం తన సొంతం. రొట్టెల మీద చల్లినట్టు వీటి మీద కూడా గసగసాలు చల్లింది. ప్రొద్దుటూరులో ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా ఓళిగ మీద గసగసాలు చల్లే ఇల్లు ఇంకొకటి లేదు.

ఆమె పనిగట్టుకుని అవి చేయడానికి కారణం ఉంది. రాజ్యలక్ష్మి అత్తగారు పుష్యమాసంలో పోయింది. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో పండగ లేదు, పిండివంట కోసం పొయ్యి మీద బాణలి పెట్టకూడదు. అలాంటి ఇంటికి పండగపూట అయినవాళ్ళెవరో ఒకరు వండి తెచ్చిపెట్టడం ఆనవాయితీ. జమ్మలమడుగు నుంచి పుట్టింటివాళ్ళు తెస్తారని రాజ్యలక్ష్మి మధ్యాహ్నం దాకా వీధిలోకి చూస్తూ కూర్చుంది. వాళ్ళు రాలేదు. ఊళ్ళోని బంధువులు ఎవరి పండగలో వాళ్ళున్నారు. తెచ్చింది గోడ అవతలి ఖాసింబీ, బజారులో నూనె అంగడి నడిపే మౌలాలి భార్య.

ఇంకో సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. పండగ మరునాడు పొద్దున నిర్మలమ్మ వస్తానని కబురు పంపింది. ఆవిడ డిప్యూటీ తాసిల్దారు వేదవ్యాసరావు గారి భార్య. రాజ్యలక్ష్మి భర్త కోదండపాణి ఆ కచేరీలోనే గుమాస్తా. ఒకనాడు రావుగారు కోదండపాణి క్యారియర్‌లోని వంకాయ కూర రుచి చూసి, ఎవరిదయ్యా ఈ వంట అని అడిగాడు. "మా ఆవిడది సార్. జమ్మలమడుగులో వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకుంది" అన్నాడు కోదండపాణి తడుముకోకుండా. ఆ కూర నేర్చుకోవడానికే ఇప్పుడు నిర్మలమ్మ రాక. ఆ కూర ఏ అవ్వదీ కాదు. వేరుశెనగలూ నువ్వులూ ఎండుకొబ్బరీ వేయించి, చింతపండు రసంతో మెత్తగా నూరి, నూనెలో వేపిన వంకాయల్ని అందులో మగ్గబెట్టడం ఖాసింబీ నేర్పింది. రాజ్యలక్ష్మి అందులో ఉల్లీ వెల్లుల్లీ తీసేసి ఇంగువ వేసింది. అంత మాత్రానికే అది మడి కూర అయిపోయింది. కొత్త రాష్ట్రం వచ్చినప్పటి నుంచి కచేరీలో బదిలీల గాలి వీస్తోంది. పులివెందులకు పంపే గుమాస్తాల్లో తన పేరు కూడా వినిపిస్తోందని తెలిసిన దగ్గర్నుంచి, కోదండపాణి తన ఆశలన్నీ ఆ వంకాయల మీదే పెట్టుకున్నాడు.

ఇదీ మన మనుషుల పరిస్థితి. ఇక తెల్లవారింది.

కోదండపాణి ఇంకా దుప్పటి తీయకముందే రాజ్యలక్ష్మి పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వచ్చింది. గుడ్డ తీయగానే యాలకుల వాసన గుప్పుమంది. ఒక ఓళిగ అంచు తుంచి చూసింది. ముక్క వేళ్ళ మధ్య వెన్నలా ఉంది. పూర్ణం ఎంత ఓపికగా రుబ్బిందో అర్థమైంది. నోట్లో పెట్టుకుంటే చూసేవాళ్ళు ఎవరూ లేరు. పెట్టుకోలేదు. ఆ ముక్కను బావి గట్టు మీద కాకికి వదిలేసి, తక్కినవన్నీ బర్రె కుడితి తొట్టిలోకి ఒంపేసింది. పైన తవుడు పోసి, ఎవరి కంటా పడకుండా చేత్తో కలియబెట్టింది.

ఆరేళ్ళుగా జరుగుతున్నది ఇదే. రంజానుకు సేమ్యా పాయసం వచ్చినా, ఊరికే ఒకనాడు బుద్ధిపుట్టి చేసిన గోధుమ హల్వా వచ్చినా, తియ్యటి మాటతో అందుకోవడం, తొట్టిలో ఒంపడం, కడిగిన పళ్ళెంలో చక్కెరో అరటిపండ్లో పెట్టి తిరిగి పంపడం. ఒకరి పళ్ళెం ఖాళీగా పంపకూడదని ఆమెకు బాగా తెలుసు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ, ఆవిడ చూస్తే ఊరుకోదు, అందుకే ఇట్లా చేస్తున్నాను అని తనకు తాను చెప్పుకునేది. అది నిజమే. కాని ఇప్పుడు అత్తగారు లేదు. ఎవరూ చూడకపోయినా చెయ్యి అలవాటుగా వంగింది. ఆ సంగతి రాజ్యలక్ష్మికి అప్పుడు తట్టింది. ఇంటి వంటకు నూనె ఖాసింబీ వాళ్ళ అంగడిదే. నూనెకు దోషం లేదు. వంకాయ కూర మాటగా గోడ దాటి వచ్చింది. మాటకూ దోషం లేదు. ఖాసింబీ చేతికే దోషం. ఇట్లా వరసగా ఆలోచిస్తే తనకే బాగుండదని తెలిసి, పళ్ళెం కడగడానికి బావి దగ్గరికి పోయింది. కడిగి తుడిచి, అందులో రెండు అరటిపండ్లు పెట్టి గట్టు మీద సిద్ధంగా ఉంచింది.

ఎండ గోడ మీదికి వచ్చేసరికి బర్రె కూలబడింది. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. నోట్లోంచి చొంగ కారుతోంది, కళ్ళు తేలేస్తోంది. రాజ్యలక్ష్మి వేసిన కేకకు కోదండపాణి పంచె సర్దుకుంటూ వచ్చి చూసి, వచ్చిన కాళ్ళతోనే వీధి చివరకు పరిగెత్తి గొర్రెల సంజీవయ్యను పిలుచుకుని వచ్చాడు. తన గొర్రెల మందతో పాటు ఆ వీధి బర్రెల్ని కూడా మేతకు తోలుకుపోయేది సంజీవయ్యే. పశువుకు ఏదైనా అయితే ఆ వీధివాళ్ళకు ముందు గుర్తొచ్చేదీ అతనే.

కేక గోడ అవతలికి కూడా వినిపించింది. ఖాసింబీ తలమీద పచ్చ ముసుగు సవరించుకుంటూ, చేతిలో నూనె సీసాతో పక్క సందులోంచి పెరటి వాకిలి దగ్గరికి వచ్చి నిలబడింది. ఆరేళ్ళలో ఆమె ఆ వాకిలి దాటి లోపలికి అడుగు పెట్టింది లేదు. పిలిచినవాళ్ళూ లేరు.

"ఏం తినిందమ్మా ఇది?" అన్నాడు సంజీవయ్య డొక్క మీద వేళ్ళతో తడుతూ.

"ఎప్పుడూ తినేదే సంజీవయ్యా. గడ్డి, కుడితి."

"కుడితిలో ఏమేసినావు?"

"తవుడు."

సంజీవయ్య తల గోక్కున్నాడు. "తవుడుకు ఇట్ల ఉబ్బదు. నిన్న నేను యాప చెట్టు కింద ఒక కునుకు తీసినా. ఆ సందులో ఇది పక్క చేన్లోకి పోయినట్టుండాది. మొన్న పడిన వానకు జొన్న కొయ్యల్లో పిలకలేసినాయి. ఆ పిలకలు మేసింటే నాము కొట్టింటాది. నాము కొడితే పశువు నిలబడదమ్మా, పొద్దెక్కేలోగా పోతాది. నా తప్పే అయింటాది." అతని మొహం నల్లబడింది. "బెల్లం నీళ్లు దండిగా తాపాల. బెల్లం తే తల్లీ, బిరీన."

తాను చేసిన పనికి సంజీవయ్య తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. రాజ్యలక్ష్మి బెల్లానికి పోకుండా తొట్టి వైపు చూసింది.

"మా ఇంట్లో ఉండాది" అంది వాకిలి దగ్గరి నుంచి ఖాసింబీ. "నిన్న ఓళిగలకు తెచ్చిన అచ్చులో సగం మిగిలింది. ఉండక్కా, ఇప్పుడే తెస్తా."

ఆమె తిరిగి రెండు అడుగులు వేసింది కూడా. ఆ అచ్చులోని తక్కిన సగం ఎక్కడుందో రాజ్యలక్ష్మికి తెలుసు. ఆ బర్రె కడుపులో ఉంది. దాని మీద ఇంకా బెల్లం పోస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. నోరు తెరిస్తే ఆరేళ్ళ గుట్టు బయటపడుతుంది. తెరవకపోతే నోరులేని జీవం చచ్చిపోతుంది.

"వద్దు" అంది.

ఖాసింబీ ఆగింది. సంజీవయ్య తలెత్తాడు. "ఏంది వద్దు? బర్రె సచ్చిపోతాదమ్మా."

"అది నాము కాదు సంజీవయ్యా. నీ తప్పేం లేదు. పొద్దున..." రాజ్యలక్ష్మి నేల చూస్తూ చెప్పింది. "పొద్దున మిగిలిన ఓళిగలు కుడితిలో వేసినాను."

అప్పుడు కూడా 'మిగిలిన' అనే మాట ఒకటి కలిపింది. నిజం చెబుతున్నప్పుడు కూడా నాలుక ఒక మూల దాక్కోవడానికి చోటు వెతుక్కుంది.

"ఎన్ని?"

"నాలుగైదు ఉంటాయి."

"నాలుగైదుకు ఇట్ల కాదే."

ఖాసింబీ మెల్లగా అంది. "నేనే ఎక్కువ చేసినాలే సంజీవన్నా. ఇద్దరు మనుషులు ఎన్నని తింటారు. మిగిలింటాయి." చేసినవి పారేసినందుకు కోపం లేకపోగా, ఎక్కువ చేసినందుకు తానే నొచ్చుకుంటోంది ఆమె.

సంజీవయ్యకు ఈ మర్యాదలతో పనిలేదు. బర్రె ఏమాత్రం తినిందో, ఏమాత్రం మిగిల్చిందో అతనికి తెలియాలి. చొక్కా చెయ్యి పైకి మడిచి తొట్టిలోకి మోచేతి దాకా దించాడు. తవుడు నీళ్ళలో తడిసి ఉబ్బిన ఓళిగలు దోసిలి నిండా పైకి వచ్చాయి. మళ్ళీ చెయ్యి పెట్టాడు. మళ్ళీ వచ్చాయి. బర్రె తిన్నవి పోగా ఇన్ని. ఒక్కొక్కదాని మీదా గసగసాలు అంటుకునే ఉన్నాయి.

"ఇంట్లో ఒగటి గూడా ముట్టినట్టు లేదే" అన్నాడు అతను తనలో తాను అనుకున్నట్టు. ఆ మాటలో ఎవర్నీ దెప్పే ఉద్దేశం లేదు.

ఖాసింబీ ఆ ఓళిగల వైపు చూసింది. తర్వాత రాజ్యలక్ష్మి మొహం వైపు చూసింది. రాజ్యలక్ష్మికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. 

"కడుపులో పులిసింది. అంతే" అన్నాడు సంజీవయ్య. "ఖాసింబమ్మా, ఆ నూనె ఇట్ల తే. అమ్మా, నువ్వు పోయి వామూ ఇంగువా దంచక రా."

రాజ్యలక్ష్మి వంటింట్లోకి పరిగెత్తింది. పొడి దంచి తెచ్చేసరికి పెరట్లో ఖాసింబీ పేడలో చతికిలబడి కూర్చుని ఉంది. బర్రె తల ఆమె ఒళ్ళో ఉంది. కొమ్ములకు జంకి కోదండపాణి దూరంగా నిలబడితే, ఆమె వాకిలి దాటి వచ్చి పట్టుకుంది. రమ్మని ఇప్పుడు కూడా ఎవరూ పిలవలేదు. ముసుగు జారి భుజం మీద పడినా సవరించుకోవడానికి చేతులు ఖాళీ లేవు. సంజీవయ్య వామూ ఇంగువా నూనెలో కలిపి, వెదురు గొట్టంతో బర్రె గొంతులో పోశాడు. వేప పుల్ల నోటికి అడ్డంగా పెట్టి తాడుతో కట్టాడు. సగం నూనె ఖాసింబీ కుచ్చిళ్ళ మీదికి కారింది. ఇద్దరూ కలిసి డొక్క మర్దన చేస్తూ పోయారు. చాలాసేపటికి బర్రె గట్టిగా తేన్చింది. పులిసిన బెల్లం వాసన పెరడంతా కమ్ముకుంది. ఇంకో రెండు తేన్పులకు డొక్క కాస్త దిగింది. కాళ్ళు వణుకుతుండగా లేచి నిలబడింది.

"బతికింది" అన్నాడు సంజీవయ్య. "సాయంత్రం దాకా ఏం పెట్టొద్దు. అట్లిట్ల నడిపిస్తా ఉండండి. ఇంగోసారి ఏదేసినా ముందే చెప్పు తల్లీ. ఇంతసేపు పట్టేది కాదు." తాడు చుట్టుకుని, తొట్టి వంచి అందులోదంతా పెంట దిబ్బ మీద పారబోసి వెళ్ళిపోయాడు. కోదండపాణి బర్రెను సందులోకి నడిపించుకుపోయాడు.

బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. ఖాసింబీ చేతులు చాపింది. రాజ్యలక్ష్మి చెంబుతో నీళ్ళు పోసింది. చెంబు ఆమె చేతులకు తగలకుండా ఎత్తి పోస్తున్నానని సగం చెంబు అయ్యాక గానీ తెలియలేదు. తన బర్రె చొంగ అంటిన చేతులు అవి. చెయ్యి కిందికి దించబోయింది. అప్పటికే ఖాసింబీ కడుక్కోవడం అయిపోయింది.

"అక్కా, ఒకటి అడుగుతా" అంది ఖాసింబీ. గొంతులో కోపం లేదు. "పోయిన దసరాకు నేను చక్కెర పొంగలి పంపినా. గుర్తుండాదా?"

"ఉంది."

"దాంట్లో చక్కెర అనుకోని ఉప్పేసినా. నీకు పంపినాక మేము తినబోతే నోట్లో పెట్టలేకపోయినాం. మా ఇంటాయన పొట్ట పట్టుకోని నవ్వె. నాకు సిగ్గేసి, నీకు చెబుదామని కంత కాడికి ఉరికొస్తి. నేను నోరు తెరవకముందే నువ్వు, అమృతం మాదిరి ఉంది ఖాసింబీ, అన్యావు."

రాజ్యలక్ష్మికి గుర్తుంది. ఆ మాట అన్నప్పుడు తన పెదవుల మీద ఉన్న నవ్వు కూడా గుర్తుంది.

"నా మనసు నొచ్చుకుంటాదని అట్లన్యావనుకున్యా" అంది ఖాసింబీ. "ఇంటికి పోయి మా ఇంటాయనతో చెప్పుకోని ఏడిస్తి. అంత ఉప్పు తిని గూడా ఒక్క మాట అనలేదు, ఇట్లాంటి మనిషి మన పక్కింట్లో ఉండాదని. ఆ పొద్దే అనుకున్యా, ఈయక్కకు ఒకసారన్నా సరిగ్గా చేసి పెట్టాలని."

"ఖాసింబీ, మా అత్తగారు..." అని మొదలుపెట్టింది రాజ్యలక్ష్మి. అక్కడికే ఆపేసింది. పోయిన మనిషి మీద ఇంకా ఎన్నాళ్ళు నెట్టడం.

"అందుకే కొత్త కుండ తెచ్చినా" అంది ఖాసింబీ. "శుక్రారం నుంచి మా ఇంట్లో నీసు లేదు. తలకు పోసుకోని తడిబట్టతోనే పూర్ణం రుబ్బినా. మీరు మడి కట్టుకుంటారని నువ్వు చెప్పింటివే, అట్లనే. పండగ లేని ఇంటికి పంపేది గదా, ఏ దోషమూ తగలకూడదని."

నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే రాజ్యలక్ష్మికి ఇంత కష్టమయ్యేది కాదు. మా దేవుడు, మా ఆచారం అని ఏదో ఒకటి తిరిగి అనుకుని కడుపులో చల్లబడేది. ఈ మాటలకు తిరిగి అనుకోవడానికి ఏమీ లేదు. కళ్ళు మసకబారాయి. చేత్తో గట్టు తడుముకుంటే పొద్దున తుంచి పెట్టిన ఓళిగ ముక్క చేతికి తగిలింది. కాకి ఇంకా రాలేదు. దాన్ని తీసుకుని నోటి దగ్గరికి ఎత్తింది.

"వద్దక్కా" అంది ఖాసింబీ. "ఇప్పుడు తినొద్దు."

"ఎందుకు?"

"ఇప్పుడు తింటే నా కోసం తిన్నట్టుంటాది. నీకు తినాలని ఉండి తినాల గానీ, నన్ను సూసి మింగితే నాకేం బాగుంటాది?"

రాజ్యలక్ష్మి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ప్రాయశ్చిత్తం ఇంత చవగ్గా అయిపోతుందని ఒక్క క్షణం ఆశపడినందుకు ఆమెకు మరింత సిగ్గేసింది.

"నా పళ్ళెం ఇయ్యి, పోతా."

పళ్ళెం గట్టు మీదే ఉంది. రాజ్యలక్ష్మి అందించింది. ఖాసింబీ అందులోని రెండు అరటిపండ్లూ తీసి గట్టు మీద పెట్టి, ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకుంది.

వీధిలో జట్కా ఆగిన చప్పుడయింది. వెంటనే పట్టుచీర గరగరలు ఇల్లంతా దాటి పెరట్లోకి వచ్చాయి. కృష్ణాతీరం నుంచి వచ్చిన మనిషి నిర్మలమ్మ. పిలుపు కోసం గుమ్మంలో ఆగే అలవాటు ఆవిడకు లేదు.

"ఏమ్మా రాజ్యలక్ష్మీ, చెప్పిన వేళకి వచ్చేశానా? ఇదిగో, వంకాయలు కూడా నేనే తెచ్చాను. మావారు పొద్దున లేచింది మొదలు మీ అవ్వగారి కూర పేరే తలుచుకుంటున్నారు. జమ్మలమడుగు మొత్తానికి ఆ పాళ్ళు తెలిసింది ఆవిడ ఒక్కర్తేనటగా? నువ్వుల ముద్దలో నూనె తేలేదాకా మగ్గబెట్టడం ఆవిడ చేతి మహిమేనట. మీ ఆయన కచేరీలో అందరికీ చెప్పారు."

వాకిలి దగ్గర ఖాసింబీ ఆగింది. ఆ కూర ఏ కూరో తెలియడానికి ఆమెకు పేరు అక్కర్లేదు. నెమ్మదిగా తిరిగి రాజ్యలక్ష్మి వైపు చూసింది. ఆ పొద్దున అట్లా చూడడం అది రెండోసారి.

"ఈవిడెవరు?" అంది నిర్మలమ్మ.

బర్రెను నడిపించుకుంటూ అప్పుడే వచ్చిన కోదండపాణి గబగబా అందుకున్నాడు. "పక్కింటామె అండీ. బర్రెకు బాగలేకపోతే సాయం వచ్చింది."

నూనె మరకల చీరను ముందుకు లాక్కుని ఖాసింబీ చిన్నగా నవ్వింది. "అవునమ్మా. ఆ కూర శానా బాగుంటాది. నేను గూడా ఈయక్క కాన్నే నేర్సుకున్యా, గోడవతల నిలబడి."

చెప్పి వెళ్ళిపోయింది.

తనను కాపాడడానికే ఆమె ఆ అబద్ధం ఆడిందని రాజ్యలక్ష్మికి తెలుసు. పెరట్లో అంతమంది చూసేలా చెంపమీద కొట్టి ఉంటే ఇంతకన్నా సులభంగా ఓర్చుకునేది. బొమ్మలా నిర్మలమ్మ వెంట వంటింట్లోకి నడిచింది. కాళ్ళు కడుక్కుంది, చీర మార్చుకుంది, పొయ్యి రాజేసింది. అన్నీ చేతులే చేసుకుపోయాయి.

నిర్మలమ్మ పీట వాల్చుకుని కూర్చుని ఒక్కొక్కటీ అడగసాగింది. "నువ్వులు ఎంతసేపు వేయించాలి?"

"చిటపట అంటూనే దించేయాల. ఒక్క నిమిషం ఎక్కువైనా చేదెక్కుతుంది."

"చింతపండు ముందా, ముద్ద ముందా?"

"ముద్ద ముందు. నూనెలో పచ్చి వాసన పోవాల. ముక్కుకే తెలుస్తుంది, కంటితో చూసేది కాదు."

ఒక్కొక్క జవాబూ చెప్పాక గానీ అది ఎవరి మాటో గుర్తుకు రావడం లేదు. ముక్కుకే తెలుస్తుందక్కా, అని గోడ మీద గడ్డం ఆనించి ఖాసింబీ అన్న మాట అది. ఆ రోజు గోడ ఇవతల రాజ్యలక్ష్మి పొయ్యి ఊదుకుంటూ, అవతలి నుంచి వచ్చే వాసనను బట్టి తన మూకుడు చూసుకుంటూ ఆ కూర నేర్చుకుంది. కుదిరిందని తెలిసినప్పుడు ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆ కూరను మాత్రం ఖాసింబీకి పంపింది. ఆమె తిని, వేళ్ళు నాక్కుంటా తిన్యా అక్కా, అని చెప్పింది. ఆమె నిజంగా తినింది.

వంకాయలు గుత్తిగా కోసి నూనెలో వేసింది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. ఇటుక మీద ఇటుక పెట్టిన చప్పుడు.

వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ గోడ కనబడుతుంది, మధ్యలో బావి తప్ప ఏ అడ్డూ లేదు. ఎప్పుడో పెద్దవానకు గోడలోంచి రాలిన ఇటుకలు ఖాసింబీ పెరట్లో అట్లాగే పడి ఉన్నాయి. కట్టిద్దాం అని మౌలాలి అన్నప్పుడల్లా, ఉండనీలే, నాకూ అక్కకూ అది వాకిలి అని ఆమె ఆపుతూ వచ్చింది. ఇప్పుడు ఆ ఇటుకలు ఒకటొకటే కంతలో కూర్చుంటున్నాయి. సున్నం లేదు, మట్టి లేదు, ఊరికే పేర్చుతోంది.

"ఏవిటా శబ్దం?" అంది నిర్మలమ్మ.

"గోడ బాగుచేసుకుంటున్నారు లెండి" అన్నాడు కోదండపాణి వంటింటి గుమ్మంలోంచి. అతను అక్కడికి ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో రాజ్యలక్ష్మి చూడలేదు. "మీరు కానివ్వండి. రావుగారికి కారం ఎంత ఉండాలో కాస్త చెప్పండి."

ఇంకో ఇటుక. మూకుట్లో నువ్వుల ముద్ద ఉడుకుతోంది. పచ్చి వాసన పోయి కమ్మటి వాసన మొదలైంది. ఇంకాసేపు ఊరుకుంటే నూనె తేలుతుంది, కూర దిగుతుంది, నిర్మలమ్మ మెచ్చుకుంటుంది, పులివెందుల తప్పుతుంది. ఖాసింబీ కూడా అడ్డం చెప్పదు. ఆమె అప్పుడే సాక్ష్యం చెప్పి పోయింది. ఇక ఎన్నటికీ ఎవరూ అడగరు. ఎవరూ అడగరన్న ఆ ధైర్యంతోనే పొద్దున పళ్ళెం తొట్టిలోకి వంచింది.

రాజ్యలక్ష్మి గరిటె పక్కన పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిర్మలమ్మగారూ, ఈ కూర మా అవ్వది కాదు."

నిర్మలమ్మ వెనక, గుమ్మంలో, కోదండపాణి తల అడ్డంగా ఊపాడు. వద్దు అని రెండు చేతులూ జోడించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను భార్యకు చేతులు జోడించడం ఆమె చూడలేదు.

"మరెవరిదమ్మా?" అంది నిర్మలమ్మ తమాషాగా నవ్వుతూ.

ఇటుకల చప్పుడు ఆగింది. రాజ్యలక్ష్మి కిటికీలోంచి చూసింది. కంత దాదాపు మూసుకుపోయింది. ఇంకొక్క ఇటుకకు చోటు మిగిలి ఉంది. ఆ సందులో పచ్చ ముసుగు అంచు కనిపిస్తోంది, దాని పక్కన ఆ ఆఖరి ఇటుక పట్టుకున్న చెయ్యి కదలకుండా ఆగి ఉంది.